కర్నూలు మానసిక వైద్యులకి, కౌన్సెలర్లకి: కుర్చీలోంచి లేచి మాతో కాసేపు నడవండి

డాక్టర్ గార్లకి, కౌన్సెలర్లకి నమస్కారం.

నేను కర్నూల్లో ఉంటా, గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని. ఈ లెటర్ మన జిల్లాలో పనిచేసే మానసిక వైద్యులకి, సైకాలజిస్టులకి, కౌన్సెలర్లకి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద పల్లెలకి పోయే టీములకి, కాలేజీ హాస్టళ్ళలో పిల్లలతో మాట్లాడేవాళ్ళకి, అందరికీ కలిపి రాస్తాండా. అడిగేది ఒకటే. గదిలో ఎదురెదురుగా కూర్చోబెడితే నోరు పెగలనివాళ్ళు మీ దగ్గరికి శానామంది వస్తాంటారు, వాళ్ళని బయటికి తీసుకొచ్చి నడుస్తూ మాట్లాడండి. "రోజూ అర్ధగంట వాకింగ్ చేయండి" అని చీటీ మీద రాసి పంపడం ఇప్పటికే అందరూ చేస్తాండారు, నేనడిగేది అది కాదు, మీరు కూడా పక్కన నడవాలి, గదిలో చేసే కౌన్సెలింగే నడుస్తూ చేయాలి, అదీ నా విన్నపం.

దీన్ని వాకింగ్ థెరపీ అంటారని మీకు చెప్పే పని లేదు, కానీ ఇది చదివే మామూలు జనం కోసం రెండు ముక్కలు చెప్తా. కౌన్సెలరు, వచ్చినవాళ్ళు ఇద్దరూ ముందే ఒక దారి, ఒక టైము అనుకుని ముప్పావు గంటో గంటో పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకుంటారు. ఎంత స్పీడుగా నడవాలనేది వచ్చినవాళ్ళ ఇష్టం, ఆగాలంటే ఆగుతారు, కూర్చోవాలంటే ఏదో ఒక అరుగు మీద కూర్చుంటారు, చెమటలు పట్టాలనే రూలేం లేదు. ఇది నిన్న మొన్న పుట్టింది కూడా కాదు. 1910లో మనోవిశ్లేషణ అనే మానసిక వైద్య పద్ధతిని మొదలుపెట్టిన ఫ్రాయిడ్ అంతటాయన నెదర్లాండ్స్‌లో లైడెన్ అనే ఊర్లో గుస్తావ్ మాలర్ అనే పెద్ద సంగీతకారుడితో దాదాపు నాలుగు గంటలు వీధుల్లో నడుస్తానే మాట్లాడినాడు, పేషెంటుని సోఫా మీద పడుకోబెట్టడానికి పేరుపడిన మనిషే అవసరమొచ్చినప్పుడు రోడ్డెక్కినాడు. 1970లలో అమెరికాలో శాండియాగో ఊర్లో థాడియస్ కొస్ట్రుబాలా అనే సైకియాట్రిస్టు తన పేషెంట్లతో కలిసి పరిగెత్తేవాడు. ఇప్పుడు న్యూయార్కు సెంట్రల్ పార్కులో నడుస్తూ కౌన్సెలింగ్ చేసేవాళ్ళు ఉన్నారు. అక్కడ చేయగలిగింది తుంగభద్ర ఒడ్డున చేయలేమా అని నా ప్రశ్న.

మన దగ్గర గదిలో మాట ఎందుకు రాదో కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే మీరు టేబుల్‌కి అటుపక్క ఉంటారు, మేం ఇటుపక్క ఉంటాం. మొదటిది ఆ తలుపు మీద బోర్డు. ఆ బోర్డు కింద చెప్పులు విడిచినామంటే సాయంత్రానికి వీధిలో "ఫలానా ఆయప్ప పిచ్చాసుపత్రికి పోయినాడంట" అని మాట పుడతాది, ఆ భయంతోనే సగం మంది గేటు దాకా వచ్చి మెడికల్ షాపులో నిద్రమాత్ర అడిగి తిరిగిపోతారు. లోపలికి పోయినా వెంట ఇద్దరు ముగ్గురు ఇంట్లోవాళ్ళు ఉంటారు, డాక్టరు కోడల్ని అడిగితే అత్త జవాబు చెప్తాది, కొడుకుని అడిగితే తల్లి చెప్తాది, "ఏం లేదు సార్, ఊరికే ఆలోచన పెట్టుకుంటాడు, రెండు మాటలు గట్టిగా చెప్పండి" అని, అసలు మనిషి మాత్రం నేల చూపులు చూస్తాంటాడు. ఇంకోటి కళ్ళు. పెద్దోళ్ళ ముందర, చదువుకున్నోళ్ళ ముందర తలెత్తి సూటిగా చూస్తా మాట్లాడటం మన ఇళ్ళల్లో నేర్పలేదు, డాక్టరంటే లేచి నిలబడే మనిషి ఆయనకి ఎదురుగా కూర్చుని కళ్ళల్లోకి చూస్తా "నాకు బతకబుద్ధి కాలేదు" అని ఎట్లా అంటాడు చెప్పండి. పక్కపక్కన నడిచేటప్పుడు ఇద్దరి చూపూ ముందుకే ఉంటాది. మాట మధ్యలో ఆగినా ఇబ్బంది ఉండదు, నాలుగడుగులు వేసినాక మళ్ళీ వస్తాది. గదిలో అదే మౌనం వచ్చిందంటే ప్రశ్నకి జవాబు తెలీక పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లోడి మాదిరి అయిపోతారు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా నాయన. ఇది రాయొచ్చా అని ఆయన్నే అడిగినా, రాసుకో అన్నాడు, అందుకే రాస్తాండా. మా నాయన బస్సు డ్రైవరు, రిటైరైనాడు. మా అమ్మ పోయినాక ఆయన మాటలు తగ్గిపోయినాయి. అన్నం పెడితే తినేది, పెట్టకుంటే అడిగేది లేదు, తెల్లారుజామున మూడింటికే లేసి వాకిట్లో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చునేది. ఒక ఆస్పత్రికి తీసుకపోతే మాత్రలు రాసినారు, నిద్ర కొంచెం కుదిరింది, దాంతోపాటు కౌన్సెలింగ్‌కి పంపినారు. చిన్న గది, ఒక టేబులు, అటుపక్క చిన్న వయసు కౌన్సెలరు. ఆ అబ్బాయి మంచోడు, ఓపికగా అడిగేవాడు, "ఇప్పుడెట్లుంది సార్ మనసు" అంటే మా నాయన "బాగనే ఉండాప్పా" అనేది, చొక్కా జేబులోంచి మందుల చీటీ తీసి మడతలు విప్పేది, మళ్ళీ అదే మడతల మీద మడిచేది, టైము అయిపోయేది. ఎప్పుడు పోయినా ఇదే తంతు.

ఒకరోజు కరెంటు పోయింది. జనరేటర్ వేసినారు కానీ ఆ గదికి లైనున్నట్టు లేదు, ఫ్యాను ఆగింది, లోపల ఉడికిపోతాంది. ఆ అబ్బాయి లేచి "పెద్దాయనా, ఇక్కడ కూర్చోలేం, అట్లా బయట తిరుగుదాం రాండి" అని తీసుకపోయినాడు. ఆస్పత్రి వెనకాల ఖాళీ జాగా, నాలుగు వేపచెట్లు, ఒక పాత అంబులెన్సు, అంతే ఉన్నది. నేను వరండాలోంచి చూస్తాండా. మొదటి రౌండు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు, మా నాయన చేతులు వెనక్కి కట్టుకుని డిపోలో నడిచినట్టే నడుస్తాండాడు. ఇంకో రౌండు సగంలో చేతులు ముందుకొచ్చినాయి, స్టీరింగు పట్టుకుని వంపు తిప్పినట్టు ఏదో చూపిస్తాండాడు, ఆ అబ్బాయి తల ఊపుతాండాడు. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాట్ రోడ్డు గురించి చెప్పినాడంట. అక్కడ మొదలుపెట్టి, నైట్ డ్యూటీ అయిపోయి ఏ టైముకొచ్చినా మా అమ్మ లేచి అన్నం వేడి చేసి పెట్టేదనే మాట కాడికొచ్చి, అమ్మ పోయిన రాత్రి మాత్రం తను నిద్రలో ఉన్నాడని, అమ్మ పిలిచిందో లేదో తనకి ఎప్పటికీ తెలీదని చెప్పినాడంట. ఆ మాట అప్పటిదాకా మాకెవ్వరికీ చెప్పలేదు, శానా రోజుల తర్వాత ఆయనే మాకు చెప్తే తెలిసింది, ఆ ఒక్క ముక్క ఎన్ని నెలలు లోపల మోసినాడో తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువైతాది.

ఆ తర్వాత కరెంటు ఉన్నా లేకున్నా వాళ్ళిద్దరూ బయటే కలిసేవాళ్ళు, మాత్రలు కూడా నడిచినాయి, మా నాయన మెల్లగా మనిషైనాడు. కొన్నాళ్ళకి ఆ అబ్బాయి వేరే ఊరికి పోయినాడు, తర్వాత వచ్చినవాళ్ళు మళ్ళీ గదిలోనే. వాళ్ళది తప్పని నేననను, పద్ధతి అట్లుంది. కానీ ఒక మనిషి నోరు తెరవడం కరెంటు పోవడం మీద, ఒక కౌన్సెలర్ మంచితనం మీద ఆధారపడకూడదు కదా. దాన్నే మామూలు పద్ధతి చేయండి అని అడుగుతాండా.

ఇది నా ఒక్కదాని నమ్మకం కాదు, మీరు చదివే జర్నళ్ళలోనే ఉంది. 2015లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో గ్రెగరీ బ్రాట్‌మన్ అనే ఆయన, ఆయన టీము కలిసి 38 మందిని రెండు గుంపులు చేసి 90 నిమిషాలు నడిపించినారు, ఒక గుంపుని గడ్డి, చెట్లు ఉన్న చోట, ఇంకో గుంపుని బండ్లు తిరిగే పెద్ద రోడ్డు పక్కన. చెట్ల మధ్య నడిచినవాళ్ళలో, జరిగిపోయిందే మళ్ళీ మళ్ళీ తలచుకుని తమని తాము తిట్టుకునే ఆలోచన తగ్గింది, దానికి సంబంధించిన మెదడు భాగంలో చురుకు కూడా తగ్గింది, రోడ్డు పక్కన నడిచినవాళ్ళలో ఆ మార్పు కనపడలేదు. దీంట్లో మనకి పనికొచ్చేది ఏందంటే ఎక్కడ నడిచినామనేది కూడా ముఖ్యమే. బళ్ళారి చౌరస్తాలో లారీల మధ్య ఎవరినీ నడిపించొద్దు. 2022లో జామా సైకియాట్రీ జర్నల్లో 15 పరిశోధనలు, 1,91,130 మంది వివరాలు కలిపి చూస్తే, వారానికి రెండున్నర గంటలు చురుగ్గా నడిచినంత కదలిక ఉన్నవాళ్ళకి డిప్రెషన్ వచ్చే రిస్కు అసలు కదలనివాళ్ళకంటే 25 శాతం తక్కువ, అందులో సగం కదిలినా 18 శాతం తక్కువ. 2024లో బీఎంజే జర్నల్లో డిప్రెషన్ ఉన్నవాళ్ళ మీద చేసిన 218 ట్రయల్స్ కలిపి చూసినారు, బాగా పనిచేసినవాటిలో నడక లేదా జాగింగు, యోగా, బరువులెత్తే వ్యాయామం ఉన్నాయి. ఇవన్నీ నడక గురించి చెప్పేవి, కౌన్సెలింగ్ గురించి ఎటూ మీకు తెలుసు. రెండూ విడివిడిగా పనిచేస్తాన్నప్పుడు రెంటినీ ఒకే గంటలో కలపమంటాండా. పొద్దున పూట ఎండపొడ కంట్లో పడితే ఒంట్లో గడియారం సరిపడి రాత్రి నిద్ర పడతాది, ఆ లాభం అదనంగా వస్తాది.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాల. మా స్కూల్లో పిల్లల తల్లులు నాతో మాట్లాడేది యాడ అనుకుంటాండారు, స్టాఫ్ రూములో కాదు, గేటు నుంచి ఆటోస్టాండు దాకా నాతో నడిచేటప్పుడు. "మేడం, రాత్రిళ్ళు గుండె దడదడ అంటాంది, ఇంట్లో చెప్తే పనిలేక అంటారు" అని ఆ పది నిమిషాల్లోనే చెప్తారు. వాళ్ళు మీ ఆస్పత్రికి రావాలంటే మొగుడు రావాల, అత్తకి చెప్పాల, డబ్బులు అడగాల. అదే ఒక మహిళా కౌన్సెలర్‌తో పొద్దున్నే స్టేడియంలో రెండు రౌండ్లు నడిచేది ఉంటే, షుగర్ ఉంది వాకింగ్‌కి పోతాండా అంటే ఇంట్లో ఎవరూ ఏమనరు. అబద్ధం కూడా కాదు, నడిచినందుకు షుగర్‌కీ మంచిదే. మీకు ఒంటరిగా రాలేని పేషెంట్లు ఎవరని లెక్క తీస్తే అందులో ఎక్కువమంది ఆడవాళ్ళే ఉంటారని నేను అనుకుంటాండా.

ఇప్పుడు అసలు చిక్కు. కర్నూల్లో పదడుగులు వేస్తే తెలిసినవాళ్ళు తగలకుండా ఉండరు. "ఏం సార్ బాగుండారా, ఈయప్ప ఎవురు?" అని నిలబెట్టి అడుగుతారు, ఉగ్గాని బజ్జీ తిందాం రాండి అని చేయి పట్టుకుంటారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో 23వ సెక్షన్ పేషెంటు విషయాలు గోప్యంగా ఉంచడం హక్కు అంటాది, మరి నడిరోడ్డు మీద ఎట్లా అని మీరు అడగడం న్యాయమే. దీనికి నేను ఆలోచించినంతవరకు దారులున్నాయి. బయటికి పోయేముందే గదిలో ఒకసారి కూర్చుని, ఎవరైనా పలకరిస్తే ఏం చెప్పాలో ఇద్దరూ మాట్లాడుకోండి, వచ్చినవాళ్ళు ఏ పేరు చెప్పమంటే అది, తెలిసినాయన అనో, కొత్తగా వచ్చిన టీచరనో, వాళ్ళే నిర్ణయించాల. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫైలు, తెల్లకోటు వద్దు. ఎవరైనా దగ్గరికొస్తాంటే మాట మార్చడానికి ఒక సైగ పెట్టుకోండి. ఏ వీధిలో వాళ్ళ చుట్టాలున్నారో అడిగి ఆ దారి వదిలేయండి. బయట నడవడం ఇష్టం లేదంటే బలవంతం వద్దు, సగంలో లోపలికి పోదామంటే పోవాల్సిందే. ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసి, చదవలేనివాళ్ళకి చదివి వినిపించి, ఒప్పుకున్నాకనే మొదలుపెట్టండి. ఆస్పత్రి వరండాలో టోకెన్ నంబరు గట్టిగా పిలిచినప్పుడు పోయే గోప్యత కంటే దీంట్లో ఎక్కువే మిగులుతాదని నా అభిప్రాయం.

ఎండ గురించి మనకి మనం చెప్పుకునే పనిలేదు, మే నెలలో 43, 44 దాకా పోతాది. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున అయిదున్నర నుంచి ఏడు లోపల, లేదంటే పొద్దుగూకినాక. మిగతా నెలల్లో టైముకి ఇబ్బంది లేదు. జాగాలకి కొదవ లేదు. స్టేడియంలో పొద్దున ఎట్లాగూ జనం నడుస్తాంటారు కాబట్టి మీరూ వాళ్ళల్లో కలిసిపోతారు. కేసీ కెనాల్ గట్టు ఉంది, 1860లలో పడవలు నడవడానికి, సేద్యానికి అని తవ్విన కాలువ, నీళ్ళు వదిలిన నెలల్లో ఆ గట్టు మీద గాలే వేరు. మనసు మరీ బరువుగా ఉన్నవాళ్ళని మాత్రం నిండు కాలువ పక్కకి, నది అంచుకి తీసుకపోవద్దు, ఇది మీకు తెలిసిందే అయినా రాయకుండా ఉండలేకపోతాండా. జగన్నాథ గట్టు ఎక్కగలిగేవాళ్ళకి అది, కాస్త దూరమైనా పర్వాలేదంటే గార్గేయపురం నగరవనం. ఇవేవీ కుదరకపోతే మీ ఆస్పత్రి వెనకాల నాలుగు చెట్లున్నా చాలు.

పల్లెలకి పోయే టీములకి ఒక మాట. పత్తికొండ, ఆలూరు, ఆదోని వైపు రైతుకి మీరు నడక గురించి చెప్తే "మేం నడిచేంత మీరు నడుస్తారా మేడం" అంటాడు, అది నిజమే. టమాటా గంపలు మార్కెట్‌కి తోలి కూలి కూడా రాక పారబోసి వచ్చినోడికి, పత్తి తడిసిపోయినోడికి, మిరప కోతలకి గుంటూరు వైపు వలస పోయి వచ్చినోళ్ళకి, కాళ్ళు అరిగేంత నడక ఇప్పటికే ఉంది. పొట్టకోసం నడిచే నడకలో మనసుకి తీరిక ఉండదు. వాళ్ళకి కావాల్సింది పక్కన ఒక మనిషి. పంచాయతీ ఆఫీసులో కుర్చీలేసి పిలిస్తే పదిమంది మధ్యలో ఎవడూ అప్పు సంగతి ఎత్తడు, "సార్ మీ చేను చూపిస్తారా" అని అడిగి గట్టెమ్మట నడవండి. బోరు కాడికి పోయేసరికి బోరు ఎప్పుడు ఎండిందో చెప్తాడు, గట్టు చివరికి పోయేసరికి ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో చెప్తాడు, తిరిగొచ్చేటప్పుడు రాత్రిళ్ళు ఏం ఆలోచనలొస్తాండాయో చెప్తాడు. పురుగుమందు డబ్బా ఇంట్లో యాడ పెడతాండారో చూసే వీలు కూడా మీకు అప్పుడే దొరుకుతాది, దాన్ని వేరే ఇంట్లో తాళం వేసి పెట్టించగలిగితే అదొక ప్రాణం.

హాస్టళ్ళలో ఇంటర్ పిల్లల గురించి ఎక్కువ రాయను. పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా ట్యూబులైటు కింద ఉండే పిల్లకి అరగంట ఆకాశం చూపించడమే సగం పని.

ఇది అందరికీ కాదని నాకు తెలుసు. లేనివి వినపడేవాళ్ళకి, జబ్బు బాగా ముదిరి ఉన్నవాళ్ళకి, ఇప్పటికిప్పుడు ప్రాణం తీసుకోవాలనే ఆలోచనలో ఉన్నవాళ్ళకి ముందు ఆస్పత్రి, డాక్టరు, మందులు. గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళని అడిగి తెలుసుకోవాల, నడవలేనివాళ్ళకి చెట్టు కింద కుర్చీ వేసినా కొంత లాభం ఉండొచ్చు. చదివేవాళ్ళు ఎవరైనా మాత్రలు వాడతాంటే నడక మొదలుపెట్టినామని సొంతంగా ఆపొద్దు. మాత్రలు పనిచేయడానికే కొన్ని వారాలు పడతాది. అర్ధరాత్రి ఎవరూ దొరకనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, 2022 అక్టోబర్ 10 నుంచి నడుస్తాంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

మీరు తక్కువ మంది, పేషెంట్లు ఎక్కువ, ఒకరికి గంట ఎట్లా ఇస్తాం అంటారు. బెంగళూరులో ఉండే జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదని కూడా తేలింది. అంటే మీ గది బయట లైన్లో ఉన్నవాళ్ళకంటే అసలు రానివాళ్ళే ఎన్నో రెట్లు. గదికి రానివాళ్ళని గదిలో కూర్చుని ఎదురుచూస్తే రారు కదా. అందరికీ ఒకేసారి చేయమనడం లేదు. ఒక్కో కౌన్సెలరు వారంలో ఒక పొద్దున ఒకరిద్దరికి, అదీ గదిలో మాట రానివాళ్ళకి, ఈ చలికాలంలోనే మొదలుపెట్టండి, ఎండలు ముదిరేలోపు మీకూ అలవాటైతాది. మాట్లాడే గంటలో కొంత నడక అని కేస్ షీట్లో ఒక గీత చేర్చండి, ఎవరికి పనిచేసింది ఎవరికి చేయలేదు రాసిపెట్టండి, ఏడాది తర్వాత మన కర్నూలు లెక్క మన దగ్గరే ఉంటాది.

జాగా లేదనే మాట రాకుండా ఒక పని చేసినా. మా స్కూలు గ్రౌండు చుట్టూ ప్రహరీ ఉంది, లోపల కానుగ చెట్లున్నాయి, ఒక చుట్టు నడిస్తే అయిదు నిమిషాలు పడతాది, తాగే నీళ్ళు, బాత్రూమ్ ఉన్నాయి. బడి వదిలినాక, ఆదివారాలు వాడుకోవచ్చని మా హెడ్మాస్టర్ గారు ఒప్పుకున్నారు. మీలో ఎవరు ముందుకొచ్చినా ఒక రోజు ముందు కబురు చేయండి, గేటు తాళం తీసి పెడతా.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక టీచరు